మర్యాద బిళ్ల

చెమట పట్టిందంటే చాలు, గొంతు మీద అతికించిన మర్యాద బిళ్ల ఒకటే దురద. ఆఫీసులో ఆడవాళ్లంతా అది పెట్టుకోవాల్సిందే. మాట బయటికొచ్చేలోపే మెత్తబరిచేస్తుంది. మగవాళ్లకి అక్కర్లేదు. వాళ్లు అరిస్తే అది నాయకత్వ లక్షణమట.

ఆవేళ మందాకినికి మేనేజరు పోస్టుకి ఇంటర్వ్యూ.

"ఈ వంతెన డిజైను ఎవరిదమ్మా?" అన్నాడు ఇంటర్వ్యూ చేస్తున్న చక్రపాణి సారు.

"నాదే సార్. మొత్తం నేనే చేశాను," అంది మందాకిని.

బిళ్ల గుర్రుమంది. "ఏదో అందరం కలిసి చేశామండీ, తప్పులుంటే క్షమించండి," అని వినబడింది.

"నీ మీద నీకే నమ్మకం లేకపోతే ఎలాగమ్మా?" అని ఆయన జాలిపడి, పోటీకొచ్చి, వంతెన నక్షాని తలకిందులుగా పట్టుకున్న శ్రీకర్‌కి ఆ పోస్టు ఇచ్చేశాడు.

మందాకినికి ఒళ్లు మండిపోయింది. ఇంటికొస్తూనే బిళ్ల పీకి చెత్తబుట్టలో పడేసి, ఆ కోపంతోనే పులుసు పెట్టింది.

"అదిరిందోయ్! ఎవరు చేశారేంటి?" అన్నాడు మొగుడు.

"ఏదో అందరం కలిసి చేశామండీ," అంది మందాకిని, బిళ్ల లేకుండానే.

సోఫా దిగని ఆ మహానుభావుడు "అంతే కదా మరి" అని, తననే మెచ్చుకున్నట్టు సిగ్గుపడ్డాడు.

రేపు ఆమె పైఆఫీసుకెళ్లి, ఆ వంతెన తనదేనని చెప్పుకోవాలి. బాబ్బాబు, "నేను చేశాను" అని నోరారా అనడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే పొద్దున్నలోగా కాస్త చెప్పండి!