మేడమీద ఎవరున్నారు?

"ప్రభువా, నీ స్వరం నాకు వినిపించు."

గింజల వ్యాపారి కొట్టు వెనకగదిలో మోకరించాడు.

రోజూ మధ్యాహ్నం అరగంట. అప్పుడు ఎంత పెద్ద బేరం వచ్చినా లేవడు. దేవుడికిచ్చే దాంట్లో తూకం తగ్గకూడదని ఆయన లెక్క.

ఎవరో తలుపు దబదబా బాదారు.

తీస్తే మాసిన గడ్డం, చిరిగిన చొక్కా. మనిషి రొప్పుతున్నాడు.

"అయ్యా, కింద గోదాములో పురుగులకి మందుబిళ్ళలు పెట్టించారా?"

"నిన్న పెట్టించాం. బస్తాల మీద టార్పాలిన్ పట్టా కూడా కప్పాం. అయితే నీకేంటి?"

"వాసన వీధిలోకొస్తోంది. మేడమీద ఎవరున్నారు?"

"మా ఆవిడా, అమ్మాయీ పడుకున్నారు. మా ఇంటి లెక్క నీకెందుకయ్యా?"

"ఆ మందు గాలి విషమండీ, ముందు వాళ్ళని కిందికి దింపండి!"

"ఇరవై ఏళ్ళుగా పెడుతున్నాం. తాతకి దగ్గులు నేర్పకు. ప్రార్థన చెడగొట్టకు, పో!"

గడియ పెట్టి మళ్ళీ మోకరించాడు.

నోరు ప్రార్థిస్తోంది. గుండెలో మాత్రం ఒకటే మాట: లే. పైకి వెళ్ళు.

"ఛీ, సాతానూ!" అని గద్దించాడు.

మాట పోలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారమే కరెంటు తీగ కోసం గోదాము కప్పులోంచి పైన ఇంట్లోకి కన్నం వేయించాడు. పూడ్పించలేదు.



"ఏమేవ్! అమ్మలూ!" అని అరుస్తూ బయటిమెట్లు ఎక్కాడు.



పైన తలుపు గడియ ఊడి ఉంది. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. వరండాలో భార్య వాంతి చేసుకుంటోంది. ఆమె ఒడిలో కూతురు దగ్గుతోంది.

"ఎవరో ఈడ్చుకొచ్చి పడేశాడండీ," అంది భార్య. "ఇంకెవరూ లేరు బాబూ అంటున్నా వినలేదు. ఇంకా ఇద్దరు పిల్లలుండాలంటూ మళ్ళీ లోపలికి పోయాడు."

లోపల మంచం పక్కన ఆ చిరిగిన చొక్కా మనిషి బోర్లా పడి ఉన్నాడు.

వ్యాపారి ఆయన్ని వరండాలోకి లాక్కొచ్చాడు. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. ఊపిరి లేదు.

కబురందుకుని వచ్చిన పాస్టరుగారు ఆ ముఖం చూసి కూలబడ్డారు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు వ్యాపారి.

"ఈయనదీ మీ వ్యాపారమే. నాలుగేళ్ళ కిందట భార్యా, ముగ్గురు పిల్లలూ మేడమీద ఇలాగే నిద్రలో పోయారు. ఆ రోజు హెచ్చరించడానికి తలుపు కొట్టిన పొరుగువాణ్ణి, ఈయనే ప్రార్థన అయ్యాక రమ్మన్నాడు."