ముందు వరుస

"బ్రేక్! భోజనాలు!" అన్న కేక వినపడగానే అచ్యుతరామయ్య నడుము దగ్గర సీటు బెల్టు పట్టుకుని లాగాడు. రాలేదు. పక్కకు లాగాడు. రాలేదు. బిళ్ల మీద రెండు బొటనవేళ్లూ ఆనించి నొక్కాడు. మరింత బిగుసుకున్నట్టనిపించింది. పొద్దున పెట్టుకునేటప్పుడు మాత్రం ఇట్టే క్లిక్కుమని కూర్చుంది మాయదారిది.

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో ప్లైవుడ్‌తో వేసిన విమానం అది. లండన్ వెళ్లే విమానం. ముందు రెండు వరుసల సీట్లు మాత్రం మద్రాసులో ఏదో పాత విమానంలోంచి ఊడదీసి లారీలో తెచ్చినవి, బెల్టులతో సహా. వెనకవన్నీ చెక్క కుర్చీలు. అక్కడివాళ్లు గుడ్డపట్టీలు విసిరేసి, గరిటెల చప్పుడు వస్తున్న వైపు పరుగెత్తారు.

ముందు కూర్చుంటే మొహం తెరమీద పడుతుంది. ఇన్నేళ్లూ గుంపులో ఆయన వీపు పడిందే తప్ప మొహం పడలేదు. అందుకే పొద్దున అసిస్టెంట్ డైరెక్టరు, "నిజంగా విమానం ఎక్కినవాళ్లే ముందుకు రండి. మిగతావాళ్లకి కూర్చోవడం కూడా రాదు" అని అరిస్తే, అందరికంటే ముందు చెయ్యెత్తింది ఈయనే. నాటకానికి సింగపూర్ వెళ్లొచ్చానన్నాడు. ఆయన వెనకాలే లీలాకుమారి దుబాయ్ అంది. మరో ముగ్గురు ఇంకేవో ఊళ్లు చెప్పారు. వాళ్లకి రెండో వరుస దక్కింది.

"ఎకానమీ క్లాసంటే మన ఎర్రగడ్డ బస్సేనయ్యా! మోకాళ్లు గడ్డానికి తగులుతుంటాయి. పక్కవాడు మన భుజం మీదే నిద్రపోతాడు. కాకపోతే కండక్టరమ్మ నవ్వుతూ కాఫీ ఇస్తుంది" అని ఈయన చెబుతుంటే సెట్టంతా నవ్వింది.

ఆయన ఎక్కింది ఎర్రగడ్డ బస్సొక్కటే.

లైట్లు ఆర్పేశారు. సెట్టు పనివాడు జంగయ్య బయటినుంచి కిటికీ కంతలో తలపెట్టాడు.

"ఏంది సార్, తినరా? మటన్ పెట్టిన్రు. జర లేటైతే బొక్కలే మిగుల్తయ్."

ఎలా విప్పాలో ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ జంగయ్య కడుపులో మాట దాగదు. సాయంత్రానికి గేటు దగ్గర టీకొట్టు దాకా పోతుంది. రేపట్నుంచి మళ్లీ చెక్క కుర్చీ, మళ్లీ వీపు.

"మనకి అలవాటేనయ్యా" అన్నాడు, రెండు చేతులూ బిళ్ల మీద కప్పి, కళ్లు మూసుకుని. "లండన్ అంటే రాత్రంతా కదలకుండా కూర్చోవాలి. ఆ అలసట మొహంలోకి తెచ్చుకుంటున్నా."

"గట్లనా! గందుకే మిమ్మల్ని ముందల కూసోబెట్టిన్రు. అసలు యాక్టరంటే మీరే సార్!"

తల వెళ్లిపోయింది. అచ్యుతరామయ్య చెవులు రెండూ కాలిపోయాయి. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

పొట్ట లోపలికి పీల్చి కిందికి జారబోయాడు. బెల్టు డొక్కల దగ్గర పట్టేసింది. చొక్కా పైకి లేచిపోయింది. మళ్లీ ఎగబాకి కూర్చున్నాడు. మటన్ వాసన ప్లైవుడ్ సందుల్లోంచి వస్తోంది. పొద్దున తాగిన మజ్జిగ కింద నుంచి గోల పెడుతోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే జరగబోయేదాన్ని తలుచుకుంటే, తలనెరిసిన మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పోతే పోయింది వెధవ మొహం అనుకున్నాడు. జంగయ్యని పిలవడానికి నోరు తెరిచాడు.

వెనక ఎవరో దగ్గారు.

బెల్టు తిరగనిచ్చినంత మేర వెనక్కి తిరిగి చూశాడు. మసక చీకట్లో రెండో వరుసలో లీలాకుమారి, మిగతా ముగ్గురూ, చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మల్లా కూర్చున్నారు. అంటే ఇందాకటినుంచీ అంతా చూస్తూనే ఉన్నారన్నమాట!

"మీరు... మీరు భోజనానికి వెళ్లలేదా?" అన్నాడు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లీలాకుమారి తల వంచుకుని మెల్లగా అంది:

"మీరెలా విప్పుతారో చూసి విప్పుదామని కూర్చున్నామండీ బాబాయిగారూ... కాస్త త్వరగా కానివ్వండి!"