దానంతటదే కొండెక్కేది

ఆ కాలానికి చనిపోయినవాళ్లంతా ఇళ్లలో గోడల మీదే, ప్రొజెక్టర్ వెలుగులో మాట్లాడుతూ ఉంటున్నారు. అందుకే కాకినాడలో హైమ ప్రొజెక్టర్ల దుకాణానికి గిరాకీ తగ్గదు. ఈమధ్యే భర్త పోయిన సూరాంబ వచ్చి కూర్చుంది.

"ఇది తీసుకోండి పిన్నిగారూ. పట్టపగలు కూడా బాబాయిగారు నిండుగా కనిపిస్తారు. దీని దీపం మీ మనవల కాలం దాకా వెలుగుతుంది."

"అంత వద్దమ్మా. అన్నిటికన్నా తొందరగా దీపం పోయేది ఏది?"

హైమ తెల్లబోయింది. "అదేంటండీ?"

"ఆయన మాట్లాడుతుంటే నా చేత్తో నేను ఆర్పలేను. దానంతటదే కొండెక్కేది ఇవ్వు."

హైమ చిన్న పెట్టె తీసిచ్చింది. ఆమె వెళ్లాక, దుకాణం గోడ కింది స్విచ్ దాకా చెయ్యి చాచింది. పోయిన నాటి నుంచీ ఆ గోడ మీదే వెలుగుతున్న అమ్మ అడిగింది.

"అన్నం తిన్నావుటే?"

"తింటానమ్మా," అంటూ హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది.