అపశకునం బటన్

"ముందు ఆ 'క్యాన్సిల్' తీసెయ్యమ్మా! శుభమా అని సినిమా మొదలుపెడుతుంటే క్యాన్సిల్ ఏంటి?" హీరోగారి మేనేజర్ ఆదినారాయణ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి గద్దించాడు.

ప్రోగ్రామర్ రెజీనా గడియారం చూసుకుంది. ముహూర్తం షాట్‌కి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. సినిమా కథ తొంభై తొమ్మిదిలో జరుగుతుంది. అప్పట్లో ఫోన్ లైను మీదే ఇంటర్నెట్ కాబట్టి, తెర మీద నెంబరు కలిపే డైలాగ్ బాక్సును పాతకాలం దానిలా ప్రోగ్రామ్ చేసి ఫిలింనగర్‌కి పట్టుకొచ్చింది. హీరో మౌస్ నొక్కితే అది నిజంగా పనిచెయ్యాలి. చేస్తే టైటిల్స్‌లో పేరు వేస్తానని దర్శకుడు శ్రీకృష్ణ మాటిచ్చాడు. ఆ సంగతి వాళ్లమ్మ అప్పుడే చర్చిలో అందరికీ చెప్పేసింది కూడా.

"అది లేకపోతే బాక్స్ మూసుకోదు సార్."

"మూసుకోవడమెందుకు? తెరిచి ఉంటేనే లక్ష్మి వస్తుంది."

క్యాన్సిల్ పోయింది. నెంబరు కలిసేటప్పుడు మోడెం కీచుమంటే, "ఈ ఏడుపేంటి?" అన్నాడు. ఏడుపు తీసి సన్నాయి పెట్టింది. 'లైన్ బిజీ' అని తెర మీద కనపడింది. "మా హీరోగారు ఫోన్ చేస్తే బిజీగా ఉండే మగాడెవడమ్మా?" అన్నాడు. అదీ పోయింది. మేనేజర్ల చేతిలో సెంటిమెంటు పిచ్చోడి చేతిలో రాయే, ఎవరికి తగులుతుందో చెప్పలేం.

చివరికి ఆయన వేలు 'లైన్ కట్' అన్న బటన్ దగ్గర ఆగింది.

"రామ రామ! మొదటి షాట్‌లోనే కట్టా?"

"అదొక్కటీ ఉంచండి సార్. పెద్దగా, ఎర్రగా ఉండాలని డైరెక్టర్ గారు మరీ మరీ చెప్పారు. ఒక్కసారి ఆయన్ని అడిగి..."

"ఆయన పూజలో ఉన్నారు. నీకు టైటిల్స్‌లో పేరు కావాలా, వద్దా?"

రెజీనా ఎర్ర బటన్ తీసేసింది. బాక్సులో 'కనెక్ట్' ఒక్కటే మిగిలింది. ఆదినారాయణ తృప్తిగా దానికి కుంకుమ బొట్టు పెట్టాడు.

పూజ అయింది. హీరోగారు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇన్నాళ్లూ ఆ సినిమాను యూనిట్ అంతా 'ప్రొడక్షన్ నెంబర్ ఏడు' అనే పిలిచేవారు. అసలు పేరు నిర్మాత శ్యామలాదేవికీ, శ్రీకృష్ణకీ తప్ప నరమానవుడికి తెలియదు. శ్యామలాదేవి పోస్టర్ మీది పట్టుబట్ట లాగింది.

ఎర్రటి అక్షరాల్లో సినిమా పేరు మెరిసింది, 'లైన్ కట్'.

చప్పట్లు మోగాయి. "ఫస్ట్ షాట్! హీరోగారు మన టైటిల్ ఉన్న ఎర్ర బటన్ నొక్కుతారు. రోల్ కెమెరా!" అని శ్రీకృష్ణ అరిచాడు.

హీరోగారు మౌస్ పట్టుకుని తెరంతా వెతికారు. "బటనేదీ?" అన్నారు.

అందరూ తెర వైపు తొంగిచూశారు. అందరికంటే ముందు తేరుకున్నది ఆదినారాయణే. రెజీనా వైపు తిరిగి గద్దించాడు.

"ఏమ్మా! శుభమా అని సినిమా మొదలుపెడుతుంటే, ఆ బటన్ తీసెయ్యమని నీకెవరు చెప్పారు?"