రెండు మోటార్లు

"మూడోసారి కూడా షెడ్డు ఖాళీయేనా?" సీఐ అచ్యుతరావు గొంతు తగ్గించాడు. "వెళ్ళే చోటు మీ ఇద్దరికే తెలుసు కదయ్యా. దొంగలకి నువ్వు చెప్పకపోతే మరి ఎవరు చెప్పినట్టు?"

ఎస్సై ఏసుకుమార్ కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల వరండాలో ఎస్సై ఇందుమతి, రొయ్యల రైతు పట్టాభిరామయ్యకి కుర్చీ వేస్తోంది. చెరువులో నీళ్ళు చిలికే మోటార్లు దొంగలెత్తుకుపోవడంతో, తెల్లారేసరికి గాలందక ఆయన పంటంతా చచ్చి తేలింది.

రెండేళ్ళుగా ఆ ఇద్దరు ఎస్సైలూ ఒకే జీపులో తిరుగుతున్నారు. ఆమె క్యారియర్లోకి అతని కోసం ఇంకో గిన్నె వచ్చి చేరింది. ఆ గిన్నె సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ సాయంత్రం ఏసుకుమార్ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"కలిదిండిలో పాత మేత షెడ్డుందండి. రెండు మోటార్లు దాచారు. రేపు పట్టుకుందాం. సీఐ గారికి కూడా చెప్పలేదు."

"సరేనండి" అంది ఇందుమతి. ఆమె అంత తేలిగ్గా అనడం కూడా అతనికి అనుమానంగానే తోచింది.

తెల్లవారుతూనే ఒక్కడే కలిదిండి వెళ్ళి, షెడ్డు తలుపు సందులోంచి చూశాడు. మోటార్లు రెండూ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. తిరిగి వస్తూ, ఆకివీడు దగ్గర మూతపడిన ఐసు ఫ్యాక్టరీలోకి తొంగి చూశాడు. వారం రోజులుగా ఎవరికీ చెప్పకుండా తనలోనే దాచుకున్న చోటు అది. నలభై మోటార్లూ అలాగే ఉన్నాయి.

స్టేషన్‌కి రాగానే ఆమెతో కలిదిండి సంగతి చెప్పేశాడు.

"అంటే నన్ను పరీక్షించారా?"

"తప్పేనండి."

"రెండేళ్ళు పక్కన కూర్చున్నదాన్ని..." ఆమె కళ్ళు నిండాయి. "నేనే అయ్యుంటే ఏం చేసేవారు?"

"ఉద్యోగం మానేసేవాణ్ణి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఇంకేం దాచారండి నా దగ్గర?"

"రెండే. ఒకటి, ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ. అసలు సరుకంతా అక్కడే ఉంది."

"రెండోది?"

"అది ఈ కేసు అయ్యాక చెబుతాను."

ఆమె నవ్వేసింది. "మొహం కడుక్కొస్తానండి" అంటూ లోపలికి వెళ్ళింది.

గంటలో సిబ్బందితో బయల్దేరారు. మోటార్లు గుర్తుపట్టడానికి పట్టాభిరామయ్య వెనక జీపెక్కాడు. దారి పొడవునా ఇందుమతి చెయ్యి ఏసుకుమార్ చేతికి ఆనుకునే ఉంది. అతను కదపలేదు.

ఐసు ఫ్యాక్టరీ తాళం పగలగొట్టించి, తలుపు తోసుకుని ముందు ఏసుకుమారే లోపలికి అడుగుపెట్టాడు.

ఒక్క మోటారూ లేదు.