పక్కకు జారే తీగ

“తీగ నిలుస్తలేదన్నా. మీటితే సాలు, పక్కకు జారిపోతున్నది,” అంది లక్ష్మీనర్సమ్మ, గిటారును బల్ల మీద పెడుతూ.

కోదాడ బస్టాండు వెనక సందులో ఉంది కైలాసం దుకాణం. హార్మోనియం, డోలకు, కీబోర్డు, ఏది మూగబోయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే తెస్తారు. కళ్లద్దాలు ముక్కు చివరికి దించుకుని ఆ ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారును గుడ్డతో తుడుస్తూ చూశాడు.

“ఈ తీగలు ఎవలేసిన్రు?”

“నేనే అంకుల్,” అంది వర్ష. లక్ష్మీనర్సమ్మ చెల్లెలి కూతురు. మిర్యాలగూడలో గిటారు నేర్చుకుంటోంది. “పాతయి తుప్పుపట్టినయి. ఫోన్ల వీడియో సూసి కొత్తయి వేసిన.”

“ఇంకా నయం బిడ్డా. వీడియో సూసి ఎవలికన్న ఆపరేషన్ చెయ్యలె.”

వర్ష మూతి ముడిచింది. లక్ష్మీనర్సమ్మ నవ్వలేదు.

“ఆదివారంలోపు కావాలె అన్నా. నా బిడ్డ సంవత్సరీకం ఆ రోజు. ఈ గిటారు దానిదే.”

కైలాసం చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ఇక నవ్వులాటలాడలేదు.

“కూసో చెల్లె,” అని స్టూలు జరిపాడు.

చరిత ఆమెకు ఒక్కతే కూతురు. ఇంజనీరింగు మూడో ఏడులో వారం రోజుల జ్వరంతో పోయింది. పిల్లను పెంచితే లక్ష్మీనర్సమ్మలాగా పెంచాలని వాళ్ల ఊరు గరిడేపల్లిలో అందరూ అనేవాళ్లు. కూర్చునే తీరు, వడ్డించే తీరు, ముగ్గు వేసే తీరు, అన్నీ దగ్గరుండి నేర్పింది. చరిత ఎక్కడా ఎవరిచేతా మాట పడలేదు.

ఒక్క గిటారు దగ్గరే ఆ పిల్ల తల్లికి అందలేదు.

హాస్టల్ నుంచి శనివారం ఇంటికి వచ్చేది. అన్నం తిని గదిలోకి పోయి గడియ పెట్టుకునేది. లోపల గిటారు మోగుతుంటే లక్ష్మీనర్సమ్మ చాయ గ్లాసుతో గుమ్మం బయట నిలబడేది. తలుపు కొడితే పాట ఆగేది. గడియ తీసేసరికి గిటారు సంచిలో ఉండేది.

“ఒక్కసారి నా ముందల వాయించరాదే?”

“నీకు నచ్చదులే అమ్మా.”

ఎప్పుడడిగినా అదే మాట. తనకు పాటల సంగతి తెలియదని, చదువు రాదని, బిడ్డ తనను దూరం పెట్టిందనుకుంది లక్ష్మీనర్సమ్మ. ఆ చాయ ఎన్నిసార్లు చల్లారిపోయిందో లెక్కలేదు.

“ఆదివారం నాడు ఇదే వాయిస్తది,” అంది వర్ష వైపు చూపిస్తూ. “తలుపులు బార్లా తీసి, ఎదురుంగ కూసోని, కండ్లార సూడాలె అన్నా. నా బిడ్డ వాయించంగ సూసే రాత నాకు లేకపాయె.”

కైలాసం పనిలోకి దిగాడు. గిటారు మెడను వెనక నుంచి పట్టి ఉంచే నాలుగు స్క్రూలు వదులు చేశాడు. మెడను వెంట్రుకవాసి జరిపి మళ్లీ బిగించాడు. తీగలు నడిమికి వచ్చాయి.

“మీటు బిడ్డా.”

వర్ష మీటింది. సన్నతీగ మళ్లీ పక్కకు జారింది. లావుతీగ జరజరమంది.

కైలాసం భూతద్దం తీశాడు. మెడ చివర తీగలు ఆనే తెల్లటి చిన్నముక్క ఉంటుంది. దాని మీద ఆరు గాట్లు. చాలాసేపు వాటినే చూశాడు.

“సన్నతీగకు వెడల్పు గాటు. లావుతీగకు సన్న గాటు. అందుకే ఒకటి జారుతున్నది, ఒకటి దిగుతలేదు. ఇది కంపెనీ ముక్క కాదు, తర్వాత ఎవలో మార్పించిన్రు. పాతది కొన్నరా చెల్లె?”

“కొత్తదే అన్నా. ఎంబడి పోయి నేనే ఇప్పిచ్చిన. నా బిడ్డ తప్ప ఇంకెవ్వలు ముట్టలె.”

కైలాసం ఆరు తీగలూ విప్పేశాడు. వర్ష వేసిన వరసను తిరగేసి, సన్నది ఉన్న చోట లావుది, లావుది ఉన్న చోట సన్నది వేశాడు. ఒక్కో తీగ తన గాటులోకి దిగి కూర్చుంది. ఏదీ జారలేదు.

ఆ తర్వాత గిటారును మెడ కుడివైపుకు వచ్చేలా తిప్పి ఒళ్లో పెట్టుకుని, స్పీకరు పెట్టెకు వైరు తగిలించి మీటాడు.

లక్ష్మీనర్సమ్మ కళ్లు మూసుకుంది. గడియ అవతల నుంచి వినిపించిన మోత అదే.

“గిటారుకు ఏ రోగం లేదు చెల్లె. ఇట్ల పట్టుకునేటోళ్ల కోసం సరిచేసిన గిటారు. మనమే తిరగేసినం.” చెక్క అంచు మీద అరచేయంత మేర రంగు పోయి ఉంది. అక్కడ వేలు పెట్టి చూపించాడు. “మీటే చెయ్యి ఆని ఆని గిట్ల అరిగింది. నీ బిడ్డది ఎడమచేతి వాటం. నీకు తెల్వదా?”

“కాదంకుల్,” అంది వర్ష. “అక్క కుడిచేత్తోనే రాస్తుండె. తినుడు గూడ కుడిచేత్తోనే.”

లక్ష్మీనర్సమ్మ చెయ్యి చాపి ఆ అరిగిన చోటును తడిమింది. అక్కడ చెక్క నున్నగా, మెత్తగా ఉంది.

అన్నం ముద్దకు ఎడమచెయ్యి చాపిన ప్రతిసారీ ఐదేళ్ల చరిత చేతిని పాతచీర పేలికతో నడుముకు కట్టేసి, ఎంత ఏడ్చినా విప్పకుండా, రెండేళ్లపాటు ఆ పిల్లకు కుడిచెయ్యి అలవాటు చేసింది లక్ష్మీనర్సమ్మే.