వెనక్కి నడిచిన నీరు

బావ ఆ మనిషిని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చి టేబుల్ మీదికి తోశాడు. నుదురు పగిలి నెత్తురు కీబోర్డు మీద కారింది.

"వీడేరా రంగుల ఫ్యాక్టరీ మేనేజరు. బోర్లో విషం కలిపింది వీడేనని నీ మిషన్లో చూపించు. ఇక్కడే తేల్చేస్తా!"

బావ చేతిలో ఇనప రాడ్డు ఉంది.

ఆయన బండ్లు బాగుచేసే మెకానిక్. కూతురు బ్లడ్ క్యాన్సర్‌తో పోయి ఇంకా నెల తిరగలేదు. అదే వీధి బోరు నీళ్లు తాగిన ఇంకో ఇద్దరు పిల్లలు మంచాన పడ్డారు. భూగర్భ జలాల ఆఫీసు బయట వీధి వీధంతా కర్రలు పట్టుకుని నిలబడింది.

టేబుల్ వెనక కూర్చున్న ఇంజనీరు ఆయనకి స్వయానా బావమరిది. పోయిన పిల్లని భుజాలెక్కించుకుని తిప్పిన మేనమామ.

"ముందు ఆయన్ని వదులు బావా. చచ్చిపోతాడు."

"చావనీ. నువ్వు చూపించు."

ఇంజనీరు సాఫ్ట్‌వేర్ తెరిచాడు. భూమి అడుగున నీళ్లు ఎటు పారతాయో, విషాన్ని ఎంత దూరం మోసుకుపోతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. మట్టి పొరలు, నీటి మట్టాలు, బోరు నీళ్లలో తేలిన విషం కొలతలు అన్నీ ముందే అందులో ఎక్కించి ఉంచాడు. ముందుకు నడిపితే విషం ఎక్కడికి చేరుతుందో చెబుతుంది. వెనక్కి నడిపితే ఎక్కడ పుట్టిందో చెబుతుంది.

వెనక్కి నడిపాడు.

తెర మీద బోరు దగ్గర ఓ ఎర్ర గీత మొదలైంది. మెల్లగా పాకింది. ఫ్యాక్టరీ వైపు తిరగనేలేదు. ఇంకోవైపు పోయి ఆగిపోయింది.

ఇంజనీరు నమ్మలేక మళ్లీ నడిపాడు. మళ్లీ అక్కడికే.

"ఏంట్రా? చెప్పు!"

"ఫ్యాక్టరీ కాదు బావా. ఈయన్ని వదిలెయ్."

"మరెవడు?"

ఇంజనీరు తెరని తనవైపు తిప్పుకున్నాడు.

"ఎవడో చెప్పండి సార్, చాలు," కిటికీలోంచి ఎవరో అరిచారు. "మిగతాది మేం చూసుకుంటాం."

తెర చూద్దామని బావ టేబుల్ చుట్టూ వచ్చాడు. ఇంజనీరు కంప్యూటర్ని రెండు చేతులా ఎత్తి నేలకేసి కొట్టాడు. అంతటితో ఆగక కాలితో తొక్కి తొక్కి ముక్కలు చేశాడు.

"అమ్ముడుపోయావురా!"

మొదటి దెబ్బకి మోచెయ్యి విరిగిన చప్పుడు వీధిలోకి వినిపించింది. రెండోది పక్కటెముకల మీద పడింది.

"మామయ్యా, మామయ్యా అని నీ మెడ పట్టుకుని వేలాడేదిరా అది! దాన్ని చంపినవాణ్ణి దాస్తావా?"

బావ కొడుతూ ఏడ్చాడు. ఏడుస్తూ కొట్టాడు. జనం లోపలికి తోసుకొచ్చి తలా ఓ తన్ను తన్నారు. మేనేజరు ఆ సందట్లో ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. ఇంజనీరు తలకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడే తప్ప నోరు విప్పలేదు.

ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి ఎదురుగా అక్క. దెబ్బల సంగతి అడగలేదు.

"ఎవడ్రా వాడు?" అంది.

"ఆ బోరు మూయించెయ్ అక్కా. ఎవ్వర్నీ తాగనివ్వకు."

"అది కాదు నేనడిగింది. పేరు చెప్పు. లేకపోతే నాకు తమ్ముడు లేడు, నీకు అక్క లేదు."

అతను కళ్లు మూసుకున్నాడు. అక్క అతని ముఖాన ఉమ్మేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఎర్ర గీత రెండుసార్లూ పోయి ఆగింది బావ షెడ్డు వెనకే, ఇంజన్లు కడిగిన పెట్రోలూ మాడిపోయిన ఆయిలూ ఏళ్ల తరబడి ఆయన పారబోస్తున్న గుంతలో.